దిగడం మరిచిపోయిన సైకిలు సవారీ

సైకిలు తొక్కడం ఒకసారి వస్తే చచ్చేదాకా మరిచిపోం అంటారు. నిజమే. దిగడం గురించి మాత్రం ఎవరూ నోరు మెదపరు! ఆ ఒక్క లోపం వల్ల మూడేళ్ల కిందట, జగిత్యాల వైపున్న మా అత్తగారి ఊరు ఇబ్రహీంపట్నంలో ఒక ఆదివారం పొద్దున నా పరువు ఎలా పోయిందో చెబుతాను. నవ్వుకోండి, ఊరు ఇంకా నవ్వుతూనే ఉంది.

నేను సిరిసిల్ల పిల్లను. మరమగ్గాల చప్పుడులో బెల్లు వినపడదని "జరుగుండ్రి, జరుగుండ్రి!" అని అరుస్తూ బడికి సైకిలు మీద పోయేదాన్ని. పెళ్లయ్యాక ఇరవై ఏళ్లు దాన్ని ముట్టలేదు. ఆ నెల మా ఆయన దుబాయి నుంచి సెలవు మీద వచ్చి, పదో తరగతి చదివే మా బిడ్డ లావణ్యకు జగిత్యాలలో కొత్త సైకిలు కొన్నాడు. అది చూశాక నా కాళ్లు ఊరుకోలేదు.

"నీతోని అయితదా?" అన్నాడాయన.

"నేను తొక్కుతుంటే సిరిసిల్ల మగ్గాలు ఆగి సూసేటియి!"

మా బిడ్డ నాకన్నా జానెడు పొడుగు. సీటు కూడా తన పొడుగుకు తగ్గ ఎత్తే. అరుగు మీది నుంచి ఎక్కి ఒక్క తోపు తోశాను. ఆహా, ఏం గాలి! కొంగు నడుముకు బిగించాను గానీ మనసు ఎగిరిపోయింది. ఒక చుట్టు తిరిగి ఇంటి ముందుకొచ్చి కాలు చాపితే నేల తగల్లేదు! చేంతాడు చాలని బొక్కెనలా నా కాలు గాలిలో ఊగింది.

"ఆగు!" అన్నాడు మా ఆయన.

"కాలు అందుతలేదు!"

"బ్రేకు కొట్టు!"

"కొడితే పడుత!"

రెండో చుట్టు మొదలైంది. లుంగీ ఎగగట్టి ఆయన నా వెనక పరుగు. పాలుపోసే మల్లేశం ఎదురొచ్చి, "ఏడికి వదినా?" అన్నాడు.

"దిగెతందుకు!"

మూడో చుట్టులో, వాకిట్లో ఉడికిన పసుపు కొమ్ములు ఆరబోస్తున్న రాజవ్వ నడుం మీద చెయ్యి పెట్టి అడిగింది: "ఏం మొక్కు మొక్కినవే, ఊరిసుట్టు తిరుగుతున్నవ్?"

జవాబిద్దామని తల తిప్పాను. తల ఎటు తిరిగితే సైకిలూ అటే తిరుగుతుందని అప్పుడే తెలిసింది. నేరుగా పోయి పసుపు కుప్పలో బోర్లా పడ్డాను. లేపడానికి వచ్చిన మా ఆయన, గోలీల్లా దొర్లే కొమ్ముల మీద కాలు జారి నా పక్కనే కూలబడ్డాడు. సైకిలు తొక్కనేల, పసుపు కడగనేల!

"ఇద్దరు పసుపుల కూసున్నరు, తలంబ్రాలు తెమ్మంటరా?" అంది రాజవ్వ.

వాడంతా గొల్లుమంది. అందరికన్నా పెద్దగా నవ్వింది మా ఆయనే. ఇన్నాళ్లూ ఫోన్లో విన్న ఆ నవ్వును చెవి పక్కన వింటుంటే, నొప్పి కూడా తెలియలేదు.

అప్పుడొచ్చింది లావణ్య, రొప్పుతూ. "అమ్మా, గీ పిడి వదులు చేస్తే సీటు కిందికి దిగుతది! అప్పటిసంది మొత్తుకుంటున్న, నువ్వు ఆగితే గదా!"

మోకాళ్లకు మందు రాయించుకుంటూ గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను: దిగే ఉపాయం తెలియనిదే ఈ జన్మలో సైకిలే కాదు, ముక్కాలిపీట కూడా ఎక్కను!