వీధి నిండా నానమ్మ

మా తాతయ్య నలభై ఏళ్లపాటు రాగిరేకుల మీద మందు సీసాల చీటీలు చెక్కాడు. వాటి మీద వైద్యుడి పేరుండేది, రోగం పేరుండేది, తాతయ్య పేరు మాత్రం ఉండేది కాదు. అరవయ్యో ఏట అచ్చుకొట్టు యజమాని పిలిచి, "మన పెద్దవీధి బొమ్మ చెక్కు మేస్త్రీ. మూల నీ పేరు వేసుకో. కానీ జనం కిటకిటలాడాలి, లేదంటే ఇంకొకడికిస్తా" అన్నాడు. ఆ రోజంతా తాతయ్య కాళ్లు నేల మీద ఆనలేదు.

చిక్కల్లా ఆయనకు వీధి తెలియకపోవడమే. పనిగది కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. మేడలూ బళ్లూ కుక్కలూ దివ్యంగా చెక్కాడు. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆయన ఉలికి తెలిసిన మొహం ఒక్కటే.

నల్లసిరాతో మొదటి అచ్చు తీసి తాడు మీద ఆరేశాడు. తడి ఆరకముందే నానమ్మ చూసింది. చేపలమ్మేది నానమ్మ. మేడ మీంచి కుండెడు నీళ్లు కుమ్మరించేది నానమ్మ. బండివాడి మీసాల కింద కూడా నానమ్మ మూతే. నేను రెండుసార్లు లెక్కపెట్టాను, ముప్పై ఒక్కమంది. అందరూ నోరు తెరిచి ఎవరినో ఒకరిని తిడుతున్నవాళ్లే.

"నేనెప్పుడైనా ఇలా నోరు పారేసుకున్నానా?" అని అడిగింది. పక్కింటివాళ్లు కిటికీ మూసుకున్నారు.

"అబ్బే, నీ పోలికే కాదే."

"మరి ఈ ముక్కెవరిది, మీ అమ్మదా? మీరు చెరిపేస్తారా, నన్నే ఆ రేకుని బూడిదపెట్టి తోమెయ్యమంటారా?"

తాతయ్య వారం రోజులు కూర్చుని ఒక్కొక్క నానమ్మనూ గీకి, ఉక్కుకడ్డీతో రుద్ది నున్నగా చేశాడు. పెళ్లయ్యాక ఆమె మీద ఆయనది పైచేయి కావడం అదే మొదలు.

రెండో అచ్చు చూడ్డానికి యజమాని ఇంటికే వచ్చాడు. "ఇదేం వీధయ్యా? ఊరు ఊరంతా లేచిపోయినట్టుంది. జనమేరీ? నెలాఖరుకల్లా చూపించు, లేదంటే రేకు నీ దగ్గరే ఉంచుకో."

తలుపు చాటున నానమ్మ అంతా విన్నది. యజమాని మెట్లు దిగగానే, "నేను లేకపోతే వీధికే దిక్కులేదన్నమాట" అంటూ ముక్కాలిపీట వెలుగులోకి లాక్కుని కూర్చుంది. "ఊఁ, చెక్కండి. చేపలమ్మేదానికి మెడలో గొలుసుండాలి. బండివాడికి మాత్రం మీ మూతే పెట్టుకోండి."

"అయితే నోరు కదపకూడదు మరి" అన్నాడు తాతయ్య ధైర్యం చేసి.

నానమ్మ పెదాలు బిగించింది.

నెలాఖరున యజమాని ఆ అచ్చును కిమ్మనకుండా పట్టుకెళ్లాడు, మూల తాతయ్య పేరుతో సహా. పని నిజానికి నాలుగు రోజుల్లో అయిపోయింది. మిగతా రోజులన్నీ తాతయ్య ఉత్త ఉలి ఆడిస్తూ, "కదలకే, ఇంకా కాలేదు" అంటూనే ఉన్నాడు.