గంట కొట్టే జెర్మేన్ నోరు విప్పిన రోజు

మా జెర్మేన్ సీర్ అంత కోపిష్టి మనిషి కెనడా సరిహద్దున ఉన్న ఈ సెయింట్ జాన్ లోయలో ఇంకొకరు లేరు, నేను తప్ప. అందుకే మా ఇద్దరికీ కుదిరింది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ స్కూలు బస్సు నడిపింది. ఆమె బస్సులో పిల్లలు కిక్కురుమనేవాళ్ళు కాదు. మంచు మోకాలి లోతు పడినా బస్సు వేళకి వచ్చేది. "రోడ్డు నా మాట వింటుందే ఇవెట్, మనుషులే వినరు" అనేది నాతో. మొగుడు ఆర్మాండ్ పోయాక బంగాళాదుంపల పొలం కౌలుకిచ్చేసి, తల్లి లేని మనవరాలు నొయెల్‌ని తనే పెంచి పెద్దచేసింది. నొయెల్ పెళ్ళి చేసుకుని రెండు పొలాల అవతల కాపురం పెట్టినా, రోజూ పొద్దున్నే ఆ పిల్ల పొయ్యి వెలిగిందో లేదో పొగ చూసి గానీ కాఫీ తాగేది కాదు.

మా కౌంటీ పార్టీ కమిటీలో జెర్మేన్ పని గంట కొట్టడం. ఎన్నికల ముందు అభ్యర్థుల్ని పిలిచి, చర్చి హాలులో వేదిక ఎక్కించి ప్రశ్నలు అడుగుతాం. ఒక్కో జవాబుకి రెండు నిమిషాలు. దాటితే జెర్మేన్ ఇత్తడి గంట కొడుతుంది, గవర్నరైనా సరే నోరు మూసుకోవలసిందే. ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. గంట కొట్టే మనిషికి ఓటు లేదు, మాట లేదు. ప్రశ్నలు అయ్యాక అభ్యర్థుల్ని వరండాలోకి పంపి, తలుపులేసుకుని, ఎవరిని బలపరచాలో తేల్చుకుంటాం. అప్పుడు గంట కొట్టే మనిషి కూడా బయటికి పోయి అభ్యర్థులకి కాఫీ పోస్తూ కూర్చోవాలి. పూర్వం ఎవడో బావమరిది పోటీలో ఉన్నాడని అవతలివాడి మాట సగంలోనే గంట వాయించేసి, ఆనక లోపల కూర్చుని ఓటు కూడా వేశాడట. ఆ రోజు హాలులో కుర్చీలు గాల్లోకి లేచాయని చెబుతారు. అప్పటినుంచీ ఆ పనికి ఎవరూ ముందుకు రారు. జెర్మేన్ మాత్రం తనంతట తనే అడిగి తీసుకుంది. "మాట్లాడేవాళ్ళకేం కరువు? ఆపేవాళ్ళే లేరు" అంది.

ఇక సెనేటర్ హాస్కెల్ సంగతి. మా పార్టీవాడే, అదే మా ఖర్మ. పల్లెల్లో ఆసుపత్రులకి ఇచ్చే డబ్బుకి కోత పెట్టే బిల్లుకి వాషింగ్టన్‌లో చెయ్యెత్తాడు. ఆ వేసవిలోనే ఇక్కడికొచ్చి దుంపల బుట్ట భుజానికెత్తుకుని ఫోటో దిగాడు. సిగ్గు లేదు. ఏడాది తిరక్కుండా మా ఆసుపత్రిలో కాన్పుల వార్డుకి తాళం పడింది. నది అవతల కెనడా ఆసుపత్రి దీపాలు మా కిటికీల్లోంచి కనిపిస్తాయి, కానీ అది వేరే దేశం. మా ఆడవాళ్ళు కాన్పుకి దక్షిణంగా గంటన్నర ప్రయాణం చెయ్యాలి, అదీ రోడ్డు బాగుంటే.

పోయినేడు ఫిబ్రవరిలో నొయెల్‌కి నెల ముందే నొప్పులొచ్చాయి. మొగుడు లూక్ దుంగల లారీతో అడవిలో ఉన్నాడు. ఉన్న ఒక్క అంబులెన్సూ ఇంకెక్కడికో పోయింది. జెర్మేన్ పిల్లని తన ట్రక్కులో ఎక్కించుకుని మంచు తుఫానులో బయలుదేరింది. పొలాల మధ్య, ఒక్క ఇల్లు కూడా లేని చోట, బిడ్డ పుట్టేసింది. ఆడపిల్ల. ఏడ్చింది కూడా. జెర్మేన్ తన కోటులో చుట్టి, హీటరు గాలి తగిలేలా నొయెల్ ఒళ్ళో పెట్టి, మళ్ళీ స్టీరింగ్ పట్టుకుంది. ఆసుపత్రి చేరేసరికి ఆ కోటులో కదలిక లేదు. కొలెట్ అని పేరు పెట్టారు. చలికాలం నేల గడ్డకట్టి తవ్వనివ్వదు కాబట్టి మే నెల దాకా ఆగి, నేల కరిగాక చర్చి వెనక పాతిపెట్టాం. మా నియోజకవర్గం నుంచి రాష్ట్ర శాసనసభలో ఉన్న మార్క్ లగాసె కూడా వచ్చి గుప్పెడు మట్టి వేశాడు. ఆ తర్వాత జెర్మేన్ ట్రక్కు అమ్మేసింది.

ఈ ఏడు జూన్‌లో ప్రైమరీ. అంటే పార్టీ టికెట్టు కోసం హాస్కెల్ మీదికి మావాళ్ళే ఇద్దరు దిగారు. ఒకరు ఈ మార్క్ లగాసె, దుంపల రైతు కొడుకు. రెండోవారు దక్షిణాన పోర్ట్‌లాండ్ నగరం నుంచి వచ్చిన లాయరమ్మ ఆడ్రియన్ విట్లాక్. మా కమిటీ ఎటు మొగ్గితే రాష్ట్రం ఉత్తర భాగమంతా అటే మొగ్గుతుంది. నొయెల్ మళ్ళీ కడుపుతో ఉంది, అయిదో నెల. డాక్టరు మంచం దిగొద్దన్నాడు. అందుకని అభ్యర్థుల్ని ప్రశ్నలకి పిలిచిన ఆ ఆదివారం జెర్మేన్‌కి ఒకటే లెక్క. ఈ వార్డు తాళం ఎవరు తీయిస్తారు?

నేను హాలు పక్క వంటగదిలో అందరికీ అట్లు పోస్తూ, వడ్డించే కిటికీలోంచి అన్నీ వింటున్నాను. హాస్కెల్ ముఖం చాటేశాడు. ఒక సహాయకుణ్ణి పంపాడు. వాడు మొదటి వరుసలో కూర్చుని మా కోడిమాంసం పులుసు రెండుసార్లు వేయించుకున్నాడు.

వార్డు ప్రశ్న రాగానే విట్లాక్ లేచింది. "ఈ సమస్యని లోతుగా అధ్యయనం చెయ్యడానికి నిపుణుల బృందం వేస్తాను. అప్పటిదాకా గర్భిణులకి ఫోన్లో డాక్టరు సలహా దొరికే ఏర్పాటు చేస్తాను" అంది. ఫోన్లో కాన్పు! బిడ్డ కూడా ఫోన్లోంచే బయటికొస్తుంది కాబోలు. నాకు ఒళ్ళు మండి అట్టు మాడ్చేశాను.

తర్వాత మార్క్. "వార్డు తెరిపించే బిల్లు మొదటి వారంలోనే పెడతాను. పార్టీ పెద్దలు అడ్డొస్తే వాళ్ళతోనే తేల్చుకుంటాను" అన్నాడు. హాలు ఊగిపోయింది. అక్కడితో ఆపినా బాగుండేది. "ఈ లోయలో ఒక అమ్మాయి మంచు తుఫానులో, ట్రక్కులో కన్నది. ఆడపిల్ల. కోటులో చుట్టి తీసుకెళ్ళారు. ఆ పిల్ల బతికింది. ఇవాళ కుర్చీలు పట్టుకుని తప్పటడుగులు వేస్తోంది. మన ఆడవాళ్ళంత గట్టి పిల్ల! కానీ ప్రతిసారీ..."

గంట మోగింది.

అధ్యక్షుడు రేనాల్డ్ ఊలెట్ గడియారం చూసి, "జెర్మేన్, ఇంకా టైముందమ్మా" అన్నాడు.

"లేదు" అంది జెర్మేన్.

మార్క్ ఆమె వంక చూశాడు. వెంటనే కూర్చున్నాడు. మా కౌంటీలోనే దక్షిణం ఊళ్ళ నుంచి వచ్చిన కమిటీవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, వాళ్ళకి తెలియదు పాపం. కానీ మా ఊరివాళ్ళు? ఆ సమాధి దగ్గర టోపీలు తీసి నిలబడ్డవాళ్ళు? వాళ్ళూ కొట్టారు! ఒకళ్ళనొకళ్ళు ఓరగా చూసుకుంటూనే కొట్టారు. పరాయివాళ్ళ ముందు మనవాణ్ణి తక్కువ చెయ్యకూడదట. ఆ మర్యాదకి నిప్పు పెట్టాలనిపించింది నాకు.

అభ్యర్థులూ, హాస్కెల్ సహాయకుడూ వరండాలోకి వెళ్ళారు. జెర్మేన్ కుర్చీ వదల్లేదు.

"కాఫీ..." అని నసిగాడు రేనాల్డ్.

"వాళ్ళకి నువ్వే పొయ్యి."

అతను తల గోక్కుంటూ కట్టుబాటు గురించి రెండు మాటలు అని, ఆమె చూపు చూసి తలుపులు మూశాడు. మావాళ్ళు తీర్పు మొదలుపెట్టారు.

"విట్లాక్ చదువుకున్న మనిషి. డబ్బు కూడా కూడగట్టింది."

"మన ఊరి పేరు పలకడానికి మూడుసార్లు తడబడింది, వినలేదా?"

"హాస్కెల్‌ని పడగొట్టాలంటే మార్కే. వాడు మనవాడు."

"ఆ పిల్ల కథ టీవీలో వేస్తే చాలయ్యా, హాస్కెల్ మూట కట్టుకోవాల్సిందే!"

"అది... పూర్తిగా అలా జరగలేదనుకో" అని ఎవరో గొణిగారు.

"కథే కదా. ఎన్నికల్లో ఆమాత్రం ఉంటుంది."

అప్పుడు లేచింది జెర్మేన్. తలుపులు మూశాక ఆ హాలులో ఆమె గొంతు ఎవరూ విని ఎరగరు.

"ఆ పిల్ల నా మునిమనవరాలు. పేరు కొలెట్. తప్పటడుగులు వెయ్యడం లేదు. చర్చి వెనక ఉంది. మార్క్‌కి తెలుసు, వాడి చేత్తో మట్టి వేశాడు. తెలిసీ దాన్ని బతికించాడు, ఎందుకు? మీ చప్పట్ల కోసం. హాస్కెల్ మన వార్డు ఒక్కటే పట్టుకుపోయాడు. వీడు మన బిడ్డనే పట్టుకుపోయాడు. వెయ్యండి ఓటు, ఎవరికి వేస్తారో నేనూ చూస్తాను."

దక్షిణం ఊళ్ళవాళ్ళు తెల్లబోయారు. ఒక్కొక్కరే తలలు దించుకున్నారు. దెబ్బ సరిగ్గా తగిలిందని నేను కిటికీ దగ్గర గరిటె పట్టుకుని మురిసిపోయాను.

రేనాల్డ్ మార్క్‌ని లోపలికి పిలిచాడు. "జెర్మేన్ చెప్పింది నిజమేనా?"

"నిజమే" అన్నాడు మార్క్.

"మరి అలా ఎందుకు చెప్పావయ్యా?"

అతను జెర్మేన్ వైపు తిరిగాడు. "అత్తా..." అని ఆగిపోయాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. "నా దగ్గర జవాబు లేదు" అన్నాడు చివరికి.

"ఎలా ఉంటుంది!" అని నేను వంటగదిలోంచే అరిచాను.

ఓట్లు మార్క్‌కి చాలలేదు, విట్లాక్‌కీ చాలలేదు. ఎవరినీ బలపరచడం లేదని కమిటీ తేల్చేసింది. బయట హాస్కెల్ సహాయకుడు పళ్ళికిలిస్తూ ఫోను చెవికి పెట్టుకుని కారెక్కాడు. మా పులుసు తిని, మా పోట్లాట విని, గెలిచి వెళ్ళాడు వెధవ.

మిగిలిన అట్లు మూటగట్టుకుని ఇద్దరం నొయెల్ ఇంటికి వెళ్ళాం. దిళ్ళకి ఆనుకుని మంచం మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే అడిగింది, "మార్క్ చెప్పాడా అమ్మమ్మా? ట్రక్కు సంగతి?"

జెర్మేన్ కోటు సగం విప్పి ఆగింది. "నీకెలా తెలుసు?"

"నేనే చెప్పమన్నాను."

"అదా? అది తప్పటడుగులు వేస్తోందని కూడా నువ్వే..."

"నేనే. ఆయన ససేమిరా అన్నాడు. మూడు రోజులు బతిమాలాను. నా పేరు ఎత్తొద్దని, నీకైతే అసలు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

"ఎందుకే?" జెర్మేన్ గొంతు లేచింది. "నీకు మతి ఉందా? నీ బిడ్డ గురించి అబద్ధం చెప్పమంటావా?"

నొయెల్ ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలిగ్గా ఉండేది. "పోయిన వేసవిలో ఆసుపత్రివాళ్ళు పెట్టిన సభకి వెళ్ళాను కదా. వార్డు మళ్ళీ తెరవండని అడగడానికి. ఉన్నదున్నట్టు చెప్పాను. ఎక్కడ పుట్టిందో, ఎంతసేపు ఏడ్చిందో, అన్నీ. చెప్పడం అవగానే అందరూ తలలు దించుకున్నారు. అయ్యో అన్నారు. వారమంతా ఇంటికి గిన్నెల్లో కూరలు తెచ్చిచ్చారు. వార్డు మాత్రం తెరవలేదు. చచ్చిపోయిందని చెబితే జాలిపడి ఇళ్ళకి పోతారు అమ్మమ్మా. బతికున్న పిల్ల కోసమైతే ఓటేస్తారు. అందుకే కనీసం ఆ హాలులోనైనా దాన్ని బతకనివ్వమన్నాను."

నేను కుర్చీలో కూలబడ్డాను. అప్పటిదాకా మార్క్‌ని తిట్టడానికి నా నోట్లో సిద్ధంగా ఉన్న మాటలన్నీ ఎటు విసరాలో తెలియలేదు. తర్వాత తెలిసింది. మామీదే విసరాలి. చచ్చిన బిడ్డ మాట ఎవరూ వినరని ఇరవై రెండేళ్ళ పిల్లకి నేర్పింది మేమే కదా! ఆ గిన్నెల్లో ఒకటి నాది. బీన్స్ వండి పట్టుకెళ్ళాను. చాలా మంచిపని చేశాననుకుంటూ తిరిగొచ్చాను.

"నాకోసం కాదులే" అంటోంది నొయెల్. "వాళ్ళు ఇవాళే తాళం తీసినా ఈ కాన్పుకి అందదు. తర్వాతివాళ్ళకి. ఇంతకీ కమిటీ మార్క్‌కే వేసిందా?"

జెర్మేన్ విప్పిన చేతిని మళ్ళీ కోటులో దూర్చుకుంది, ఇంట్లో చలి వేస్తున్నట్టు. "లేదు. ఎవరికీ వెయ్యలేదు. కొలెట్ బతికిలేదని నేనే లేచి చెప్పాను. మట్టి వేశామని చెప్పాను."

నొయెల్ దుప్పటి అంచు సరిచేసుకుంది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"పేరు కూడా చెప్పావా?"

"చెప్పాను."

"చెబితే వాళ్ళేం చేశారు?"

జెర్మేన్ నావైపు చూసింది, ఆ జవాబు నేను చెబుతానేమో అని. నేను అట్ల మూట విప్పడంలో పడ్డాను.

"తలలు దించుకున్నారు" అంది జెర్మేన్.