పరాయి బ్లాగులో బాపు మాటలు

మాది సిరిసిల్ల. మా నాన్నను బాపు అని పిలుస్తాం. బాపు చిన్నప్పుడు చేతిమగ్గం నేశాడు, తర్వాత బతుకంతా సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనిచేశాడు. నేను పెళ్లయి కోరుట్లకు వచ్చాను. జగిత్యాలలో ఒక బడిలో తెలుగు చెప్తాను. రోజూ బస్సులో కూర్చుని ఫోన్‌లో నా బ్లాగు రాసుకునేదాన్ని. చదివేవాళ్లు పది మందికి మించరు. అందులో ఇద్దరు నా తోటి టీచర్లే, అదీ నేను అడుగుతానన్న భయంతో.

ఒకరోజు పెద్ద బ్లాగు నడిపే ఒకాయన ఫోన్ చేశాడు. "మేడం, మా దగ్గర అతిథిగా ఒక్క పోస్టు రాయండి. కింద మీ బ్లాగు లింకు ఇస్తాం. మా పాఠకులంతా మీ దగ్గరికి వస్తారు" అన్నాడు. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. ఆ ఆదివారమే సిరిసిల్లలో తమ్ముడి ఇంటికి పోయి బాపు పక్కన కూర్చున్నాను.

"బాపూ, నువ్వు మగ్గం ఎట్ల నేర్సుకున్నవో చెప్పు, రాస్త."

"గదేం ముచ్చట బిడ్డా, ఎవలు సదువుతరు?" అన్నాడు గానీ, మొదలుపెట్టాక మధ్యాహ్నం దాకా ఆపలేదు. తెగిన పోగును చూడకుండానే వేళ్లతో ఎలా పట్టేవాడో చెప్పాడు. ముడి వేయడం రాకపోతే తాత చేతి మీద కొట్టి ఏమనేవాడో చెప్పి నవ్వాడు. ఆయన మాటలు ఆయన నోట వచ్చినట్టే నా బ్లాగులో టైపు చేసుకున్నాను.

ఆ పెద్ద బ్లాగుకు ఒక షరతు ఉంది. వాళ్ల దగ్గర వచ్చింది ఇంకెక్కడా ఉండకూడదట. వాళ్లిచ్చిన లాగిన్‌తో వాళ్ల సైట్‌లో పెట్టేసి, నా బ్లాగులో ఉన్నదాన్ని నా చేతులతో నేనే తీసేశాను.

నేతింటి బిడ్డ చేయకూడని తప్పు అది. మగ్గం మీద నూలు అయిపోయినా పాత పోగుల కొసలను పూర్తిగా లాగేయరు. కొంచెం ఉంచి, వాటికే కొత్త పోగులను ఒక్కొక్కటిగా ముడివేస్తారు. కొసలు కూడా పోతే అన్నీ మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవాలి. బాపు ఆ రోజు ఈ సంగతీ చెప్పాడు. బుద్ధిగా రాసుకుని, ఒక్క కొస కూడా మిగుల్చుకోకుండా ఇచ్చేశాను.

పోస్టు వచ్చింది. మెచ్చుకోళ్లన్నీ ఆ బ్లాగాయనకే. "మంచి రచన అందించారు సార్" అని ఒకటే దండాలు. లింకు పట్టుకుని నా బ్లాగుకు వచ్చింది ముగ్గురు, అందులో ఒకరు నేనే. మా ఊళ్లో కూలినేతకు నూలు సేఠుది, గుడ్డా సేఠుదే. ఇక్కడ నూలు మాది, నేత మాది, గుడ్డ మాత్రం ఆయనది. అయినా బాపుకు చదివి వినిపిస్తే "ఇంకోపారి సదువు" అన్నాడు. నాకు దక్కింది అదొక్కటే.

పోయిన ఏడు బాపుకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మొన్న మరదలు ఫోన్ చేసింది. "వదినా, మామ మీ ఫొటో సూపిచ్చి, ఫోన్ సూపిస్తుండు. గా రాసింది సదువుమంటున్నట్టున్నది."

సిరిసిల్ల బస్సెక్కి ఆ పేజీ తెరిచాను. పైన నా పేరు అలాగే ఉంది. దాని కింద ఆన్‌లైన్ పేకాట ఎలా ఆడాలో ఉంది. బాపు మాట ఒక్కటీ లేదు. బ్లాగాయనకు ఫోన్ చేశాను. "సైటు అమ్మేశాను మేడం. పాతవేవీ నా దగ్గర లేవు" అన్నాడు. నెట్‌లో పాత పేజీలు దాచే చోట్లన్నీ దారి పొడవునా వెతికాను. దొరకలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

బాపు మంచం పక్కన కూర్చుని, ఫోన్ ముందు పెట్టుకుని, చదువుతున్నట్టు గుర్తున్నంత చెప్పాను. కళ్లు మూసుకుని విన్నాడు. "అయిపోయింది బాపూ" అన్నాను.

బాపు కళ్లు తెరిచి తల అడ్డంగా ఊపాడు. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి ముడివేస్తున్నట్టు తిప్పుతూ నా వైపే చూశాడు. ఆ ముడి దగ్గర తాత అన్న మాట నాకెంతకీ గుర్తు రాలేదు. అది తెలిసినవాడు ఈ లోకంలో బాపు ఒక్కడే. ఆ వేళ్లు అలా తిప్పుతూనే ఉన్నాడు.