దవడ ఎముక కుదిరేదాకా

నిమ్మకాయ కోసినప్పుడల్లా, ఆ వాసనకు నా నాలుక నన్నడగకుండానే పైవరుసలోని మూడు ముందుపళ్ల దగ్గరికి వెళ్తుంది. ఆ మూడూ నాతో పుట్టినవి కావు, ఎముకలోకి స్క్రూలు దింపి పెట్టినవి. పెట్టింది సిద్దిపేటలో నస్రీన్ డాక్టరమ్మ. నాకంటే పదేళ్లు పెద్ద. నోరు తెరవడం నాకు పుట్టుకతో వచ్చింది, మూయడం ఆమె దగ్గర నేర్చుకున్నాను.

స్కూటర్ మీద నుంచి పడి పళ్లు పోయాక, తీసి పెట్టుకునే సెట్టుతో ఏళ్లు నెట్టుకొచ్చాను. కాలేజీలో పాఠాలు చెప్పడానికి అది చాలింది, తెలంగాణ ఉద్యమంలో మైకు పట్టాక చాలలేదు. ప్రజ్ఞాపూర్ సభలో నినాదంతో పాటు పళ్లూ ఎగిరి ముందు వరుసలో పడ్డాయి. మర్నాడే దవాఖానకు వెళ్లాను. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ పెదవి విరిచారు. పళ్లు లేనిచోట ఎముక కరిగిపోయిందట. ముందు ఎముక పొడి నింపి కుట్లు వేయాలి, అది గట్టిపడ్డాకే స్క్రూలు.

పొడి నింపిన రోజు, "పదిహేను రోజులు గట్టివి నమలద్దు. లొల్లి అసలే వద్దు" అన్నారు.

"మాట్లాడనీకే గదా డాక్టరమ్మా, పండ్లు పెట్టించుకునేది?"

"గందుకే మాట్లాడద్దంటున్న."

నమలొద్దన్నారు కదా, ఇంతకంటే మంచి సమయం దొరకదని ఐదో రోజే రిలే నిరాహారదీక్ష టెంటులో కూర్చున్నాను. తినకపోతే కుట్లకేం ముప్పు? నా తర్కం నాకు ముద్దు. సాయంత్రం దాకా నినాదాలిచ్చాను. దీక్ష విరమింపజేయడానికి ఆ రోజు పిలిచిన పెద్దమనిషి ఎవరనుకున్నారు? నిమ్మరసం గ్లాసుతో డాక్టరమ్మ! నా ముందుకొచ్చి ఆగారు.

"నోరు తెరువు."

"ఈడనా?"

"పొద్దటిసంది ఈడనే గదా తెరిచినవ్!"

పెదవి ఎత్తి చూశారు. కుట్లు తెగి ఉన్నాయి. నిమ్మరసం పక్కన పెట్టించి మంచినీళ్లు తాగించారు. "ఊరంత బంద్ పెడ్తరు, నీ నోరొక్కటి బంద్ పెట్టరాదా టీచరమ్మా?" టెంటంతా నవ్వింది. తర్వాత నా చెవి దగ్గర అన్న మాటకు మాత్రం నాకు నవ్వు రాలేదు. "నింపిన పొడి పోయింది. ఇంకొక్కసారి చూస్త. గదీ పోతే ఇగ నాతోని కాదు."

గాయం మానాక మళ్లీ నింపారు. ఈసారి టెంటులో పలక పట్టుకుని కూర్చున్నాను. నేను రాసేలోపు ఎదుటివాళ్లు తమ మాట పూర్తి చేసేవారు. తొగుట నుంచి దీక్షకు వచ్చే రైతు ఎల్లవ్వ మాటను ఎప్పుడూ మధ్యలోనే అందుకునేదాన్ని. తన బోరు ఎట్లా ఎండిందో ఆమె మొదటిసారి చివరిదాకా చెప్పింది. ఏడాదిగా నా ప్రసంగాల్లో చప్పట్లు తెచ్చిన కథ అదే, సగం తప్పు చెప్తున్నానని ఆ రోజు తెలిసింది.

నెలలు గడిచాక కొత్త ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి, "కుదిరింది. ఇగ చెయ్యి లొల్లి" అన్నారు డాక్టరమ్మ. ఆ తర్వాత స్క్రూలు దింపి పళ్లు బిగించారు. రాష్ట్రం వచ్చిన రోజు ఆ పళ్లతోనే వీధిలో గొంతు చించుకున్నాను. ఆమె దవాఖాన మెట్ల మీద నిలబడి, నవ్వుతూ, రెండు చెవులూ మూసుకున్నారు.

ఇప్పటికీ వాదిస్తాను, ఎక్కువసార్లు నేనే నెగ్గుతాను. కాకపోతే ఎదుటి మనిషి మాట్లాడుతున్నంతసేపూ నాలుకను ఆ మూడు పళ్ల వెనక ఆనించి ఉంచుతాను.