మా ఆఫీసుకు ఒకటే కోటు

మా ఆఫీసులో పద్దెనిమిది మందిమి ఉండేవాళ్లం. ఓవర్‌కోటు మాత్రం ఒకటే.

మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనానికి కాస్త ఇవతల, ఇంకా సున్నం వాసన పోని ఒక మేడమీద మా కంపెనీ. పొద్దస్తమానం బండలు పగలగొట్టే చప్పుడు. జర్మనీలో ఏదో చిన్న ఊళ్లో నీళ్ల పంపులు చేసే ఫ్యాక్టరీకి మేము సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. కొన్ని నెలలకొకసారి మాలో ఒకరు అక్కడికి వెళ్లి, ఆరు వారాలుండి, ఇక్కడ రాసినదాన్ని అక్కడ నడిపించి రావాలి. వెళ్లేవాళ్లు ఆ కోటు తొడుక్కుని వెళ్లేవారు. తిరిగొచ్చాక తెచ్చి రిసెప్షన్ వెనక మేకుకు తగిలించేవారు. హైదరాబాదులో అలాంటి కోటు కొనేదెవరు, కొని తొడిగేదెక్కడ?

కోటు లోపలి జేబులో మడతపెట్టిన కాయితం ఒకటుండేది. వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ తరవాతివాళ్ల కోసం అందులో ఒక మాట రాయాలి. విమానం ఎక్కేముందు మాకు దొరికే శిక్షణంతా అదే. 'ట్రాములో టికెట్ కొంటే చాలదు, మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి' అని ఒకరు. 'ఆదివారం పాలు కూడా దొరకవు' అని ఇంకొకరు. 'బాత్‌రూమ్ నేల మీద నీళ్లు పోయకండి, కింద ఇంటాయన పైకి వస్తాడు' అని మూడో ఆయన రాసి, కింద రెండు గీతలు గీశాడు. పైకి వచ్చాక ఏం జరిగిందో మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు.

ఆ కోటును మొట్టమొదట వెళ్లినాయన అక్కడే కొన్నాడు. ఆయన ఆరడుగుల మనిషి. తరవాత వెళ్లిన ఎనిమిది మందీ మగవాళ్లే కాబట్టి లాగో పీకో సర్దుకున్నారు. నేను అయిదడుగులకు ఒక అంగుళం తక్కువ.

తొంభై తొమ్మిది చివర. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తెలియక మొరాయిస్తాయని లోకమంతా బెంగపడుతున్న రోజులు. పంపుల ఫ్యాక్టరీవాళ్లకూ ఆ బెంగ పట్టుకుని, మనిషిని పంపమన్నారు. తేదీల పని మొత్తం ఎనిమిది నెలలు కూర్చుని నేనే రాశాను. అయినా మా మేనేజరు నాకూ, నా పక్క సీటాయనకూ ఇద్దరికీ వీసాలు తీయించాడు. ఆ పక్క సీటాయన కూడా ఆరడుగులే. ఆయన వెళ్తానని అనలేదు, వద్దని కూడా అనలేదు.

మేనేజరుది గోదావరి జిల్లా. మంచి మనిషి. ఒకసారి అక్కడికి వెళ్లి జబ్బుపడినప్పటి నుంచి చలి పేరెత్తితే చాలు, చేతులు రెండూ చంకల్లో పెట్టుకునేవాడు.

"పని మీదేనండీ, కాదనట్లేదు. కానీ అక్కడి చలి మన చలి కాదండి. నేను పది రోజులు మంచం దిగలేదు. కోటు మీకు సరిపోవాలి కదండీ" అన్నాడు.

"సరిపోతుంది సార్" అన్నాను, మేకు వైపు చూడకుండా.

"అయితే శనివారం తొడుక్కొచ్చి చూపించండి. సరిపోతే మీరు వెళ్దురుగాని, లేకపోతే ఆయన్ని పంపుతాను."

విమానం సోమవారం. ఆ మాట అన్నది గురువారం.

మదీనాగూడలో ఒక మేడ మీద గదిలో నేను కిరాయికి ఉండేదాన్ని. కింద ఓనరక్క వాళ్లుండేవారు. వాళ్లది మెదక్ వైపు. ఆయన ఒక ఫ్యాక్టరీలో సెక్యూరిటీ గార్డు, ఆమె ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. సాయంత్రం ఆమె అద్దం ముందు నిలబడి కోటు తొడుక్కున్నాను. కోటు చక్కగా నిలబడింది. లోపల నేనెక్కడున్నానో వెతుక్కోవలసి వచ్చింది.

"అక్కా, కింద మూరెడు, చేతులు జానెడు మడిచి కుట్టాల. మళ్లీ విప్పేటట్టుండాల. ఆఫీసు కోటు ఇది" అన్నాను.

ఓనరక్క కాలరు దగ్గర వాసన చూసి మొహం చిట్లించింది.

"ఆఫీసుదంటే? ఎంతమంది తొడిగిండ్రు దీన్ని?"

"తొమ్మిది మంది."

"ఉతికిండ్రా?"

మూడేళ్లలో ఆ ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

"ఒకరు తొడిగిన బట్ట తడపకుండ ఇంకొకరు తొడుగుతరా? గిట్లనే దేశం దాటుతవా?" అంది. మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కుట్టి ఉంచుతానంది. నేను ధీమాగా వెళ్లిపోయాను.

శుక్రవారం సాయంత్రం వచ్చి చూస్తే, కోటు గోడ మీద ఆరుతోంది. అది కోటేనని నాకు వెంటనే తట్టలేదు.

"కాగుల నీళ్లు మసలబెట్టి, సబ్బు పెట్టి, బండకేసి మంచిగ కొట్టిన. ఎన్ని నల్లటి నీళ్లు ఎల్లినయనుకున్నవ్" అంది ఓనరక్క చేతులు తుడుచుకుంటూ.

ఉన్ని మరిగే నీళ్లలో పడితే ఏమవుతుందో ఆమెకు తెలియదు. నాకూ ఆ సాయంత్రమే తెలిసింది. పైబట్ట ముడుచుకుపోయింది. లోపలి లైనింగు పట్టుది కాబట్టి ఉన్నంత ఉంది. అందువల్ల అది కోటు కిందనుంచి, గౌను కింద లంగా దిగినట్టు, మూరెడు దిగి వేలాడుతోంది. నేను మెట్టు మీద కూలబడ్డాను. ఎనిమిది నెలల పని, వీసా, సోమవారం విమానం అన్నీ ఆ గోడ మీదే ఆరుతున్నట్టు కనిపించి ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చాను.

"ఏమైంది బిడ్డా? రంగు దిగిందా?" ఓనరక్క పరేషానై పక్కన కూర్చుంది.

"చిన్నదైపోయిందక్కా."

ఆమె నన్ను చూసింది, కోటును చూసింది.

"చిన్నగైతే ఏంది? నువ్వు గూడ చిన్నగనే ఉన్నవ్ గద."

ఏడుపు ఆపి లేచి, తడికోటే తొడుక్కున్నాను. భుజం భుజం మీదే ఉంది. చెయ్యి మణికట్టు దగ్గర ఆగింది. అంచు మోకాళ్లు దాటి నిలిచింది. గుండీలు పడ్డాయి. బట్ట గొంగడిలా దట్టమైపోయింది. ఓనరక్క కత్తెర తీసుకుని, వేలాడే లైనింగును కోటు అంచుల దగ్గరికి కత్తిరించి కుట్టేసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు కాయితం. లోపలి జేబు తడిమాను, ఖాళీ.

"జేబులు సూడకుండ నానబెడ్తనా?" అంటూ దేవుడి పటం వెనకనుంచి మడత తీసి ఇచ్చింది.

శనివారం పొద్దున, ఇంకా చెమ్మ ఆరని కోటు తొడుక్కుని బస్సెక్కాను. ఎండ బాగానే కాస్తోంది. కండక్టరు జ్వరమా అమ్మా అని అడిగి, ఆడవాళ్ల సీటులో ఎవరినో జరిపించి కూర్చోబెట్టాడు.

మేనేజరు నా చుట్టూ ఒకసారి తిరిగి, బట్ట పట్టి చూశాడు.

"ఇది మన కోటేనా అండీ?"

"మన కోటే సార్. ఉతికించాను."

"మంచి టైలరుకిచ్చినట్టున్నారండి."

"అవును సార్."

నా చెంపల మీదుగా చెమట కారుతోంది. అది చూసి ఆయనకు పూర్తి నమ్మకం కలిగింది. "వెచ్చగానే ఉన్నట్టుందండి. వెళ్లి రండి" అన్నాడు.

వెళ్లాను. ఆరు వారాల్లో ఒక్క తుమ్ము కూడా రాలేదు. కొత్త సంవత్సరం వచ్చింది, పంపుల ఫ్యాక్టరీ ఆగలేదు. తిరిగొచ్చి కోటు మేకుకు తగిలించాను.

ఫిబ్రవరిలో పక్క సీటాయన వంతు వచ్చింది. అందరి ముందూ కోటు తొడగబోతే చెయ్యి మోచేతి దగ్గరే ఇరుక్కుపోయింది. ఇద్దరు పట్టుకుని లాగితే గాని ఊడిరాలేదు. హాలంతా నవ్వింది, అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. ఇప్పుడు మేనేజరు ఆ మాట అంటాడని, కోటు సరిపోవాలి కదండీ అంటాడని ఎదురు చూశాను.

"కోటుదేముందండీ, ఒకటి కొంటే పోలా" అన్నాడాయన.

రెండు రోజుల్లో కొత్త కోటు వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన కావాలని అనలేదు, ఆ రెండు మాటలకూ మధ్య తేడా ఉందని కూడా ఆయనకు తెలియదు. దానికే నాకు ఎక్కువ మండింది. ఆ సాయంత్రం పాత కోటు జేబులోంచి కాయితం తీసి, అంతవరకూ ఏం రాయాలో తోచని నా ఒక్క మాటా రాసేశాను: 'వాళ్లు అడిగేదాకా ఆగకండి. ముందే తొడుక్కోండి.'

మళ్లీ చలికాలం వచ్చింది. మా ఆఫీసులో నేను కాక ఉన్న ఇంకొక్క ఆడపిల్లది అనంతపురం, నాకంటే రెండంగుళాలు ఎక్కువ. ఆ అమ్మాయి రాసిన పనికి పిలుపొచ్చింది. మేనేజరు చేతులు చంకల్లో పెట్టుకుని, "అక్కడి చలి మన చలి కాదండి" అని మొదలుపెట్టాడు.

ఆ అమ్మాయి లేచి, మేకు మీది పాత కోటు తీసి తొడుక్కుని, మెడ దాకా గుండీలు పెట్టుకుంది.

"సరిపోయింది సార్" అంది. ఆయన ఇంకా అడగనే లేదు.