పెరికిన ముల్లు

అరవైల్లో, నా పంతొమ్మిదో ఏట, పుట్టి పెరిగిన రంగూన్ వదిలి మా కుటుంబం హిందూపురం చేరింది. కొత్త దేశంలో నాకు తోచిన పని ఒక్కటే, నాన్న కొనిచ్చిన పాత సైకిలు మీద రోజుకో బండిబాట పట్టి అది ఎక్కడికి పోతుందో చూడడం.

ఒక మే నెల మధ్యాహ్నం పెనుకొండ దిక్కుగా చాలా దూరం వెళ్లాక వెనక చక్రంలో తుమ్మముల్లు దిగింది. తారురోడ్ల మీద తిరిగినవాణ్ణి, నాకేం తెలుసు. ముల్లు పెరికి పారేశాను. బుస్సుమని గాలంతా పోయింది.

కనుచూపు మేరలో ఇల్లు లేదు, నీడ లేదు. సైకిలు తోసుకుంటూ నడిచి నడిచి నాలుక పిడచ కట్టుకుపోయింది. నేను ఏ దిక్కున పోయానో అమ్మకు కూడా తెలియదని గుర్తొచ్చి, బాట మీదే కూలబడి ఏడ్చాను.

గొర్రెలు తోలుకొస్తున్న ఒక ముసలాయన తన సొరకాయ బుర్రలోని నీళ్లు తాగించి, టైరు వంక చూశాడు.

"ముల్లు యాడుండాదప్పా?"

"పెరికేశాను తాతా."

"ఎవురన్నా పెరుకుతారా? గాలిని పట్టుకోనుండేది ఆ ముల్లే గదప్పా. అట్లే వదిలేసింటే ఇల్లు చేరుకునిందువు."

ఆ తర్వాత ఆ బాటల్లో చాలా ముళ్లు దిగాయి. ఒక్కదాన్నీ ఇల్లు చేరకముందు పెరకలేదు.