ఎనిమిదో తరగతిలో కరెంటు పాఠం

మా చిన్నప్పుడు... రాజోలు దగ్గర హైస్కూల్లో నేను ఎనిమిదో తరగతి. కరెంటు పాఠం రోజున సైన్సు మాస్టారు పాత టెలిఫోన్‌లోంచి తీసిన చిన్న డైనమో పట్టుకొచ్చారు. పిడి తిప్పితే కరెంటు పుడుతుందట...

ఆడపిల్లలందరినీ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడమన్నారు. మొదటి అమ్మాయి ఒక తీగ, చివరి అమ్మాయి ఇంకో తీగ పట్టుకోవాలి. జిల్లుమంటుందని భయం... అంతకంటే ఎక్కువ సరదా!

నా పక్కన పద్మ. రోజూ కాలవగట్టు మీద కలిసే బడికి వచ్చేవాళ్ళం. ఒకే ఉసిరికాయ చెరో సగం కొరుక్కునేవాళ్ళం.

నేను చెయ్యి చాపాను. పద్మ తన చెయ్యి వెనక్కి దాచుకుంది.

"మా నాయనమ్మ తిడుద్దండి మాస్టారూ... ఈ అమ్మాయి పేట పిల్లండి."

అది విని ఇటుపక్క అమ్మాయి కూడా దూరం జరిగింది. మాది ఊరి చివర పేట... చర్చి వెనక ఇల్లు.

మాస్టారు వాళ్ళని ఒక్క మాట అనలేదు. రెండు రాగి తీగ ముక్కలు తీసి నాకిచ్చారు.

"నువ్వీ కొసలు పట్టుకోవే. ఆ కొసలు వాళ్ళు పట్టుకుంటారు."

పిడి తిప్పారు. అందరం ఒక్కసారే కెవ్వుమన్నాం...

"చూసేరా? దారి ఎక్కడా తెగకపోతే కరెంటు అందర్లోంచీ వెళ్ళుద్ది. ఒక్కచోట తెగిందా, ఎవరికీ రాదు."

నాకు నిజంగానే అనుమానం వచ్చింది. "అయితే మాస్టారండీ, నాలోంచి వెళ్ళిన కరెంటే పద్మలోకీ వెళ్ళిందాండీ?"

పద్మ అరచెయ్యి పావడాకేసి తుడుచుకుంది. మాస్టారి మొహం ఎర్రబడింది. నా చేతుల్లోని తీగలు లాగేసుకున్నారు.

"అవతల నిలబడు. నువ్వు లేకపోయినా సర్క్యూట్ పూర్తవుద్ది."

పూర్తయింది కూడా... నేనున్నచోట వాళ్ళిద్దరూ చేతులు కలుపుకున్నారు. మళ్ళీ కేకలు, నవ్వులు... నేను గోడకి ఆనుకుని చూస్తూ ఉండిపోయాను.

సాయంత్రం అమ్మ కొబ్బరిపీచు దులుపుతూ అంతా విన్నది.

"ఆ మాట ఎందుకడిగేవే?" అంది. మర్నాడు పొద్దున్నే తల దువ్వి, గట్టిగా జడలేసి, అదే బడికి పంపింది.

ఆ ఏడాదంతా ప్రయోగం ఉన్నప్పుడల్లా మాస్టారు నన్ను చాక్‌పీసులు తెమ్మని ఆఫీసు గదికి పంపేవారు. నేను తిరిగొచ్చేసరికి అన్నీ సర్దేసి ఉండేవి...

ఇప్పుడు మా పేటలో ఇంటికో ఉద్యోగం. నేనూ టీచర్నే. మొన్న అమలాపురం బస్సులో పద్మ కనిపించింది. నన్ను చూసి ఎంత సంబరపడిందో... తన పక్కనే చోటిచ్చింది. కబుర్ల మధ్య ఆ రోజు సంగతి ఎత్తాను.

"అలా జరిగిందేటే? నాకసలు గుర్తే లేదు!" అని నవ్వేసి, వాళ్ళబ్బాయి ఇంజినీరింగు సీటు గురించి చెప్పసాగింది.

కాలం మారిందంటారు... నిజమే, మారింది. మీ క్లాసులోనూ ఇలాంటిదేదో జరిగే ఉంటుంది. మీరు మరచిపోయినవాళ్ళలో ఉన్నారా... మరచిపోలేని వాళ్ళలోనా?